ఫ్యూజు పోలేదని ధైర్యపడకండి

స్టార్టర్ డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోందా? దాన్ని మళ్లీ ముట్టుకోకండి. లైన్‌మన్‌కు చెప్పి సప్లై ఆపించండి, మీరే ట్రాన్స్‌ఫార్మర్ మీద చేయి వేయకండి. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో బోరు కింద సేద్యం చేసే ప్రతి ఇంటికీ ఈ మాట చేరాలి. "ఫ్యూజు పోలేదుగా, ఏం కాదులే" అన్న ధైర్యం ప్రాణాలు తీస్తుంది.

లెక్క చూడండి. బడి పుస్తకంలోని ఓమ్ నియమమే ఇది: వోల్టేజీని నిరోధంతో భాగిస్తే కరెంటు. ఫేజుకు 230 వోల్టులు. ఒళ్లు పొడిగా ఉంటే చర్మం వేల ఓములు అడ్డుపడుతుంది. మడిలో తడిసిన కాళ్లతో, చెమట చేతులతో ఉన్న మనిషి నిరోధం సుమారు వెయ్యి ఓములకు పడిపోతుంది. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో సగం చాలు. 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదలలేం. 0.23ను 230తో హెచ్చిస్తే పవరు 53 వాట్లు. పాత 60 వాట్ల బల్బు అంతకంటే ఎక్కువ తినేది. ఇక 15 ఆంపియర్ల ఫ్యూజు తెగాలంటే 15 ఆంపియర్లు దాటాలి. ఫ్యూజు కాపాడేది తీగల్ని, మనిషిని కాదు.

"ఎర్తింగు ఉందిగా" అంటారు. మన మెట్టలో అసలు చిక్కు అక్కడే ఉంది. రాతి నేల, పైగా ఎండాకాలం వస్తే ఎర్త్ గుంతలో తడి ఉండదు. దాని నిరోధం 46 ఓములకు పెరిగిందనుకోండి. 230ని 46తో భాగిస్తే 5 ఆంపియర్లే. ఫ్యూజు తెగదు, డబ్బా మీద కరెంటు అలాగే నిలుస్తుంది. 1150 వాట్లు ఊరికే పోతుంటాయి. ఇంటి మీటరైతే బిల్లు చూసైనా అనుమానం వచ్చేది. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం గనుక ఆ లీకేజీని పట్టించే బిల్లూ లేదు. మరీ జాగ్రత్తపడాల్సింది తొలి జల్లు పడ్డ రోజు. పైమట్టీ కాళ్లూ తడుస్తాయి, లోతున గుంత మాత్రం ఎండే ఉంటుంది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ నిరోధం కొలిపించండి. మోటారు నడుస్తుండగా ఎర్త్ తీగకు టాంగ్ టెస్టర్ తగిలించి చూడమనండి. అందులో ఆంపియర్లు కనిపిస్తే లీకేజీ ఉన్నట్టే. మూడు ఫేజుల మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తింగులు ఉండాలని నిబంధన. మీ చేలో ఒక్కటైనా సరిగా ఉందా? గుంతలో బొగ్గు, ఉప్పు వేయించి, సప్లై ఆపాకే నీళ్లు పోస్తూ ఉండండి. 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే ఆర్‌సీసీబీ పెట్టించండి. అది మాటిమాటికీ పడుతుంటే లీకేజీ వెతికించండి, అంతేగాని దాన్ని తప్పించి డైరెక్టు ఇవ్వకండి. ఫ్యూజు ఊరికే పోతోందని లావు తీగ కట్టడం అంతకంటే ఘోరం.

అడవి పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ లాగినవారికీ ఇదే లెక్క. రాత్రిపూట నీళ్లు కట్టడానికి వచ్చే పక్క చేను మనిషికి తగిలేదీ అదే 0.23 ఆంపియర్లు, అక్కడా ఫ్యూజు తెగదు. చట్టప్రకారం అది నేరం కూడా. ఇవాళే తీసేయండి.

ఎవరికైనా షాకు కొడితే ఒంటిని ముట్టుకోవద్దు, ముందు మెయిన్ దించండి. మెయిన్ దూరమైతే ఎండు కర్రతో మోటారు తీగను తోసేయండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ నొక్కుతూ 108కి ఫోన్ చేయించండి. తెగిపడ్డ లైను కనిపిస్తే మాత్రం కర్రతో కూడా దగ్గరికి పోవద్దు. జనాన్ని దూరంగా ఆపి 1912కు చెప్పండి.