సొట్ట తీయడం వేరు, బండి బాగుచేయడం వేరు

అమెరికాలో ట్రక్కు అంటే మన లారీ కాదు, ముందు నలుగురైదుగురు కూర్చునే గది, వెనక సామాను తొట్టి ఉన్న పికప్ బండి. టెక్సస్‌లో ఏ వీధిలో చూసినా అవే. అలాంటి బండి కొన్న రెండేళ్లకే దెబ్బ తింటే ఎక్కడ బాగుచేయించాలని అడిగితే, మనవాళ్లలో నూటికి తొంభైమంది "బీమావాళ్లు చెప్పినచోట పడెయ్యండి, తొందరగా అయిపోతుంది" అంటారు. ఈ సలహాతోనే నాకు పేచీ.

విజయవాడ ఆటోనగరు మేస్త్రీల పనితనం మీద నాకు అపారమైన గౌరవముంది. రేకు వెనక దిమ్మ ఆనించి, ముందునుండి సుత్తితో తడుతూ, అరచేత్తో నిమిరి మిట్టపల్లాలు చెప్పగలిగిన చేతులవి. కానీ ఆ విద్య ఉక్కురేకుది. ఉక్కు వంగినా తన పాత రూపాన్ని కొంత గుర్తుంచుకుంటుంది, లాగితే వెనక్కి వస్తుంది. అల్యూమినియానికి ఆ జ్ఞాపకం తక్కువ. చల్లగా ఉండగా బలవంతం చేస్తే పగులుతుంది. ఎక్కువ వేడిచేస్తే బలం పోగొట్టుకుంటుంది, పైగా ఎంత వేడెక్కిందో రంగు మారి చెప్పదు.

ఫోర్డు కంపెనీ 2015 మోడలు నుండి ఎఫ్-150 బండి పైభాగాన్నీ తొట్టినీ అల్యూమినియం మిశ్రమలోహంతో చేస్తోంది. కింది చట్రం మాత్రం ఉక్కే. బరువు 700 పౌన్ల దాకా తగ్గిందని అప్పట్లో ఘనంగా చెప్పుకున్నారు. ఆ రేకుల్ని కలిపి ఉంచేది చాలావరకు రివిట్లూ, ప్రత్యేకమైన జిగురూను. ఉక్కుమీద వాడిన సానబిళ్లతోనే దీన్నీ రుద్దితే ఉక్కు నలుసులు అందులో దిగబడతాయి. పైన వేసిన రంగు ఎంత నిగనిగలాడుతున్నా, లోపల లోహం తినివేయబడుతూనే ఉంటుంది. కనుక పనిముట్లు వేరుగా ఉండాలి, పనిచేసే చోటు వేరుగా ఉండాలి, ధూళిని పీల్చే యంత్రం ఉండాలి. ఇంత ఖర్చు అన్ని దుకాణాలవారూ పెట్టుకోరు. అందుకు వారిని తప్పుపట్టను. లేదని చెప్పకుండా బండిని లోపలికి తోలుకుపోయేవారినే తప్పుపడతాను.

ఇక బండికి మొలిచిన కళ్ల సంగతి. ముందు రాడారు, అద్దం పైభాగాన కెమెరా ఉంటాయి. పక్క వరుసలో కనబడకుండా వచ్చే బండిని పసిగట్టే సదుపాయమున్న ఎఫ్-150లలో ఆ రాడారు వెనకదీపం గూటిలోనే ఉంటుంది. తొట్టి మూల కాస్త నలిగి దీపం పగిలితే, అది దీపం మార్పుతో తీరే పని కాదన్నమాట. ముందు రాడారు ఒక్క డిగ్రీ పక్కకు చూసిందనుకోండి, 100 మీటర్ల దూరంలో దాని చూపు సుమారు 1.75 మీటర్లు తప్పుతుంది. పక్క వరుసలోని బండిని చూసి మన బండికి బ్రేకు వేయడానికో, ఎదురుగా ఉన్నదాన్ని వదిలేయడానికో ఆ తేడా చాలు. మరమ్మతు తర్వాత తయారీదారు చెప్పిన పద్ధతిలో వాటి చూపును సరిచూడాలి. కొన్నిటికి చదునైన నేల, కొలిచి నిలబెట్టిన గురిపలకలు కావాలి, కొన్నిటిని రోడ్డుమీద నడిపి సరిచేస్తారు.

ఇదంతా చాదస్తమనేవారికి డల్లాస్‌లో జరిగిన వ్యాజ్యం ఒకటి చెబుతాను. అది ట్రక్కు కాదు, 2010 మోడలు హోండా ఫిట్ కారు. వడగళ్లకు దెబ్బతిన్న దాని పైకప్పును 2012లో ఒక బాడీ షాపువారు మార్చారు. తయారీదారు వెల్డింగు చెయ్యమంటే వీరు జిగురుతో అతికించారు. ఆ సంగతి తెలియని ఒక జంట తరవాత ఆ కారు కొనుక్కుంది. 2013లో ప్రమాదం జరిగి, కారు నలిగి, నిప్పంటుకుని, ఇద్దరూ తీవ్రంగా గాయపడ్డారు. 2017లో జ్యూరీ ఆ షాపు మీద 3 కోట్ల 15 లక్షల డాలర్ల బాధ్యత మోపింది. డబ్బు చెల్లించేది బీమా సంస్థ గనుక దాని మాట తయారీదారు మాటను కూడా దాటగలదని షాపు తరఫు వ్యక్తి ప్రమాణపూర్వకంగా చెప్పాడు. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఆ మాటే.

బీమా సంస్థల జాబితాలో ఉన్న షాపులన్నీ చెడ్డవని కాదు. మంచివీ ఉన్నాయి. కానీ వారానికి ఇన్ని బండ్లు పంపే సంస్థనూ, పదేళ్లకొకసారి వచ్చే మననూ ఏ వ్యాపారి ఒకే తక్కెడలో తూస్తాడు? టెక్సస్ చట్టం ప్రకారం ఫలానా షాపుకే వెళ్లాలని బీమా సంస్థ నిర్బంధించకూడదు. ఫోనులో ఆ సంగతి వాళ్లంతట వాళ్లు నొక్కి చెప్పరు, మనం అడగం.

పోయిన వేసవిలో మా ట్రక్కు కుడిపక్క నలిగినపుడు నేను చూసిన ఒక షాపులో కాఫీ బాగుంది, జీవితకాల హామీ గోడమీద వేలాడుతోంది, నేను కట్టవలసిన వాటా మాఫీ చేస్తామన్నారు. ఆ మాఫీ సొమ్ము ఎవరి జేబులోంచి రాదు, నా బండిలోంచే వస్తుంది! ఇంకొకచోట ముందుగదిలో కుర్చీలే సరిగా లేవు. కానీ అల్యూమినియం పనికి తెరకట్టిన చోటు చూపించి, నా బండి నంబరు కొట్టి, ఆ తలుపు స్తంభానికి ఫోర్డువారు రాసిన మరమ్మతు విధానం అచ్చుతీసి చేతిలో పెట్టారు. మొదటి అంచనా కంటే ఖర్చు పెరుగుతుందనీ, విప్పితే తప్ప లోపల ఏముందో తెలియదనీ ముందే చెప్పారు. నేను అక్కడే ఇచ్చాను.

విడిభాగాల దగ్గర మాత్రం నాకంత పట్టింపు లేదు. పాత బండినుండి ఊడదీసిన అసలు తలుపు, దెబ్బ తగలనిదైతే, నిక్షేపంగా పనికొస్తుంది. ఇతరులు చేసిన నకలు బంపరు లోపలి దిమ్మెకు మాత్రం ఒప్పుకోలేదు. తాకిడిని మింగవలసింది అదే. బీమావారు వ్యత్యాసం ఇవ్వమన్నారు, షాపువారు తయారీదారు సూచన జతచేసి మళ్లీ పంపారు, తొమ్మిది రోజులకు ఒప్పుకున్నారు.

ఆ తొమ్మిది రోజులే ఇబ్బంది పెట్టాయి. అద్దె బండికి మా పాలసీలో ఉన్నది 30 రోజులు, పని పూర్తయ్యేసరికి 37 అయింది. ఆ వారం అద్దె నా చేతినుండే పోయింది. ఈసారి పాలసీ తిరగరాసేటప్పుడు మొదట ఆ గడువు చూడండి.