వార్త రక్తికట్టు టెట్లు?

టెలివిజన్ వార్తలు జనులు విసుగుచెందక చూచునట్లుండవలెనని చానెళ్ల యజమానులు చెప్పుచున్నారు. ఈ కోరికను మేము తప్పుపట్టము. చూచువారు లేని వార్త చెప్పియు చెప్పనట్టిదే. అయితే రక్తికట్టుటకై సత్యమును కొంత వదలుకొనక తప్పదను వాదమును మాత్రము మే మంగీకరింపజాలము.

మనదేశమున టెలివిజన్ 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రారంభమయ్యెను. చిరకాలము ప్రభుత్వమువారి దూరదర్శనే దిక్కై యుండెను. దానియందు కేకలు లేవు; ప్రభుత్వమును ప్రశ్నించు ధైర్యమును లేదు. 1990వ దశకమున వచ్చిన ప్రైవేటు చానెళ్లను ప్రజలాదరించుట సహజమే. కాని పోటీ పెరిగినకొలది పెక్కు చానెళ్లకు కేకయే వార్త యైనది.

దీనివలని నష్టము స్వల్పము కాదు. 2008 నవంబరులో ముంబయిపై ఉగ్రవాదులు దాడిచేసినపుడు భద్రతాదళముల కదలికలను చానెళ్లు ప్రత్యక్షముగ చూపెను. పాకిస్తానునందలి సూత్రధారులు వానిని చూచుచు ఫోనులో ఆదేశము లిచ్చిరి. 2012లో సుప్రీంకోర్టు ఈ ప్రసారములను గర్హించి, నియంత్రణము పత్రికాలోకము లోపలినుండియే రావలెనను వాదమునకు ఇవి హాని చేసినవనెను. 2015లో అట్టి ప్రత్యక్షప్రసారములను ప్రభుత్వము నిషేధించెను. తమ్ము తామదుపులో నుంచుకొననివారు స్వాతంత్ర్యమును గోల్పోవుదురనుటకు వేరు నిదర్శన మేల? అయినను 2025 మే నెలలో పాకిస్తానుతో సంఘర్షణ జరుగుచుండగా కరాచీ రేవు ధ్వంసమైనదని కొన్ని చానెళ్లు చాటెను. అది నిజము కాదు.

మరి రక్తి కట్టు టెట్లు? హరిదాసు పిట్టకథలు చెప్పి నవ్వించును, మూలకథను మార్చడు. 1988లో ప్రణయ్ రాయ్ బృందము దూరదర్శన్‌లోనే ప్రపంచవ్యవహారములను సుబోధముగ వివరింపగా జనులు ఎదురుచూచి వీక్షించిరి. అందు అరపులు లేవు.

కృష్ణాజలముల తగవునే తీసికొందము. నలుగురిని కూర్చుండబెట్టి తిట్టించుట సులభము, ఖర్చును తక్కువ. శ్రీశైలమున నీరెంత యున్నది, బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించిన 811 టీఎంసీలలో ఏ రాష్ట్రము ఎంత కోరుచున్నది, కాలువ చివరి భూములకు నీరందుచున్నదా యని విలేఖరిని పంపి పటములతో చూపుట శ్రమతో గూడినది. కాని పైరుపెట్టిన రైతు దేనిని కన్నార్పక చూచునో చెప్పనక్కరలేదు. తన బ్రదుకుతో ముడిపడిన విషయము తేటతెల్లమగుచుండగా ఎవ్వరును లేచిపోరు.

కావున చానెళ్లు చర్చలపై వెచ్చించు కాలములో కొంత విలేఖరుల కీయవలెను. తప్పు జరిగినపుడు ఎంత గట్టిగా చాటిరో అంత గట్టిగా సవరించుకొనవలెను. చూపరులకును బాధ్యత గలదు. కేకలు వినబడినంతనే చానెల్ మార్చుట మన చేతిలోని పనియే. అట్లు చేయనంతకాలము, మనము చూచుచున్నాము గనుకనే చూపుచున్నామని వారు చెప్పుచునే యుందురు.