గాజు తలుపుకి ఇవతలే ఎందుకు కూచోవాలి?

విమానం మారే చోట పది పన్నెండు గంటలు ఖాళీ దొరికితే ఏం చెయ్యాలో ఆదివారం అనుబంధాలు భేషుగ్గా చెబుతాయి. సామాను నేరుగా రెండో విమానంలోకి పోతుందో లేదో కనుక్కోండి, వీసా సంగతి చూసుకోండి, మూడు గంటల ముందు తిరిగొచ్చెయ్యండి, ఈలోగా ఊరు చూసిరండి అంటాయి. లెక్క బాగానే ఉంది. కాకపోతే అది మీ పేరు మీద వేసిన లెక్క. మా పేరు మీద వేస్తే ఇంకో అంకె కలపాలి. ఆ అంకె ఏ గడియారంలోనూ కనిపించదు.

మేమంటే ఎవరం? పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు నల్లరేగడిలో మిరపకాయలు కోసినవాళ్ళ పిల్లలం. పత్తి ఏకి పరుపులు కుట్టిన దూదేకుల తాతల మనవళ్ళం. కౌలుకి పత్తి వేసి, పురుగుమందుల కొట్లో బాకీ తీరక, చీరాలలో రైలెక్కి మద్రాసు పోయి అక్కణ్ణుంచి గల్ఫుకి ఎగిరినవాళ్ళం. ఈమధ్య అమెరికాలో ఉన్న కూతురికి పురుడు పొయ్యడానికి వెళ్ళే అమ్మలు కూడా మాలో ఉన్నారు. వీళ్ళందరికీ ఇంట్లో చెప్పి పంపే మాట ఒకటే. చేతికి ఇమామ్ జామిన్ కట్టి, నెత్తిన చెయ్యి పెట్టి దువా చేసి, "నడుమ ఎక్కడా బయటికి పోవద్దు బేటా, చుప్‌చాప్ కూచో" అంటారు మా నానీలు.

ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనం. ఆ ప్రేమకి భయం నూరిపోసిందెవరని అడుగుతున్నాం.

2007 జూలై 2న బ్రిస్బేన్ విమానాశ్రయంలో డాక్టర్ మహమ్మద్ హనీఫ్‌ని పట్టుకున్నారు. బెంగుళూరులో వైద్యం చదివిన మనిషి. పుట్టిన బిడ్డని చూసుకుందామని ఇంటికి బయల్దేరాడు. ఆయన చేసిందల్లా బ్రిటన్‌లో ఉన్న బంధువుకి తన సిమ్‌కార్డు ఇచ్చి రావడం. ఆ నెలాఖరుకే కేసు వీగిపోయింది. 2010లో ఆస్ట్రేలియా ప్రభుత్వం నష్టపరిహారం కూడా ఇచ్చింది. పట్టుకున్న కబురు మా ఇళ్ళలోకి ఎంత పరుగున వచ్చిందో వదిలేసిన కబురు అంత పరుగున రాలేదు. 2009 ఆగస్టులో షారుఖ్ ఖాన్‌ని నెవార్క్‌లో ఆపి ప్రశ్నించారు. అదే ఏడు ఏప్రిల్లో, ఎక్కడో కాదు, మన ఢిల్లీ విమానాశ్రయంలోనే మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాంని ఒక అమెరికా విమాన సంస్థ సిబ్బంది తడిమి చూశారు. 2011లో న్యూయార్కులో విమానమెక్కి కూచున్న పెద్దమనిషి చేత కోటూ బూట్లూ విప్పించి పట్టుకుపోయారు. ఆయన గొడవ పెట్టుకోలేదు. "కలాం గారిలా ఉండండయ్యా" అని మాకు ఎంతకాలంగా చెబుతున్నారు! వీణ వాయించాడు, గీత చదివాడు, రాకెట్లు ఎగరేశాడు. ఇంతకంటే మంచి ముసల్మాను ఎలా ఉంటాడో చెప్పండి, ఉంటాం.

మాలో మాకున్న హెచ్చుతగ్గులు కూడా ఆ కౌంటర్ దగ్గర చెల్లవు. ఇంట్లో ఉర్దూ రాదని దూదేకుల వాళ్ళని మా షేకులూ సయ్యద్‌లూ సగం సాయిబుల కింద జమకడతారు. ఇమిగ్రేషన్ అధికారికి మాత్రం దూదేకుల హుసేను నిండు సాయిబే. ఆ ఒక్క చోటే మాకు సమానత్వం దొరికింది!

ఇక కాగితాలు. మా పర్చూరు కదలకుండానే మూడు జిల్లాలు తిరిగింది. 1970 ఫిబ్రవరి దాకా గుంటూరు, ఆ తర్వాత ఒంగోలు జిల్లా, దానికే 1972లో ప్రకాశం పేరు, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల. తాత, తండ్రి, మనవడు ఒకే ఇంట్లో పుట్టి తలా ఒక జిల్లా రాసుకుంటారు. రావుగారింట్లోనూ అంతే, కాని రావుగారినెవరూ ఎందుకలా అని అడగరు. 2022 నవంబరు 21 నుంచి పాస్‌పోర్టులో ఒంటిపేరు ఉన్నవాళ్ళని సందర్శకుల వీసా మీద రానివ్వమంది దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశం. ఇది అందరికీ వర్తించే నియమమే. అయితే మస్తాన్‌బీ అనో ఫాతిమాబీ అనో ఒక్క పేరుతో బతుకంతా గడిపిన మా అమ్మలకి ఇంటిపేరు అడిగిన మొదటి మనిషి ఆ గుమాస్తా. అలాంటి అమ్మకి బయటికి పోదామా వద్దా అన్న మీమాంసే లేదు. ఆ తలుపు టికెట్ కొన్నరోజే మూసుకుంది.

కాని చాలా తలుపులు తెరుచుకున్నాయి కూడా, దాన్ని దాచడం మా వైపు నుంచి అన్యాయం. 2017 ఆగస్టులో ఖతార్ 80 దేశాల వాళ్ళని వీసా లేకుండా రానిస్తామంది, ఆ జాబితాలో మన దేశం ఉంది. 2018లో ఎమిరేట్స్ ప్రభుత్వం నడుమ ఆగే ప్రయాణికులకి 48 గంటల వీసా రుసుము లేకుండా ఇచ్చే ఏర్పాటు చేసింది. షరతులున్నాయి, అవి మారుతుంటాయి, బయల్దేరే ముందే విమానం వాళ్ళని అడగాలి. తలుపు తెరిచినా మేం లేవకపోవడం గురించే ఈ గోలంతా.

గల్ఫులో ఒక విమానాశ్రయంలో మేం పదకొండు గంటలు ఆగాల్సి వచ్చింది. దాని పేరు అనవసరం. కూడా మా మిత్రుడున్నాడు. మంచివాడు, మతతత్వం మీద మాతో కలిసి కరపత్రాలు పంచినవాడు. "మీకెందుకండీ తలనెప్పి, నేనలా వెళ్ళొస్తా, మీరు సామాను చూస్తూ ఉండండి" అన్నాడు. ఎంత సహజంగా అన్నాడో! మాదీ అదే నీలం అట్ట పాస్‌పోర్టు, అదే టికెట్. మేమూ క్యూలో నిలబడ్డాం. ఆయనకి రెండు నిమిషాలు పట్టింది. మమ్మల్ని తండ్రి పేరు అడిగారు, తాత పేరు అడిగారు, నమాజు భాష మాట్లాడే దేశంలో నిలబడి అంత దూరం ఎందుకొచ్చావని అడిగారు. నలభై నిమిషాలు. తర్వాత ముద్ర వేశారు. బయట గొప్పగా చూసిందేమీ లేదు. ఒక మలయాళీ టీకొట్టు, రెండు బజార్లు, మసీదులో అసర్ నమాజు. తిరిగొచ్చేసరికి ఇంకా నాలుగు గంటలు మిగిలాయి. ఆ నలభై నిమిషాలకి భయపడి పదకొండు గంటలూ ఇనుప కుర్చీలో కూచోవాలా?

జిద్దా మాట వేరు. 2023 జనవరి నుంచి సౌదీ విమానాల్లో పోయేవాళ్ళకి నడుమ 96 గంటలు ఆగే వీసా టికెట్‌తో పాటే ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. దాని మీద ఉమ్రా చెయ్యొచ్చు. మక్కా అక్కడికి ఎనభై కిలోమీటర్ల దూరం, విమానాశ్రయంలోనే రైలుంది. అయితే ఇక్కడ దిగాక తీరిగ్గా ఆలోచించడం కుదరదు. ఉమ్రా నియ్యత్ ఉన్నవాళ్ళు మీఖాత్ దాటకముందే ఇహ్రామ్‌లోకి రావాలి. మన వైపు నుంచి పోయే విమానం జిద్దాలో వాలకముందే ఆ హద్దు దాటేస్తుంది. బయటికి పోవాలా వద్దా అన్నది ఆకాశంలోనే తేల్చుకోవాలి. మిరప కళ్ళాల్లో కూలి దాచి హజ్ కోసం ఎదురుచూసే మా ముసలమ్మలకి ఇదెంత పెద్ద తలుపో చెప్పండి. ఇక్కడ అడ్డం పడేది మీరు కాదు, మా మగవాళ్ళే. ఉమ్రాకి మహ్రమ్ తప్పనిసరి కాదని 2022 అక్టోబరులో సౌదీ హజ్ మంత్రే చెప్పాడు. మా మామూలూ చిచ్చాలూ మాత్రం ఇంకా "ఒంటరి ఆడది ఎట్లా పోతుంది" అంటూనే ఉన్నారు. అమెరికాకి ఒంటరిగా పోయి పురుడు పొయ్యగలిగిన మనిషి మక్కాకి రైల్లో పోలేదా?

మా పక్క చీరాల జనం 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు ఖాళీ చేసి బయటికి నడిచారు. రామనగరంలో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. వాళ్ళ మధ్య బతికినవాళ్ళ వారసులకి, చేతిలో బోర్డింగ్ పాస్ పెట్టుకుని ఒక తలుపు దాటడం అంత బరువైన పనా?

అందుకని మా పిల్లలకి ఇప్పుడు వేరే మాట చెబుతున్నాం. టికెట్ కొనేటప్పుడే వీసా అడుగు. పాస్‌పోర్టులో పేరు రెండు ముక్కలుగా ఉందో లేదో చూసుకో. తిరుగు ప్రయాణం కాగితం చేతిలో ఉంచుకో. ఏడెనిమిది గంటలకి తక్కువైతే కదలకు, ఎక్కువైతే లే. ప్రశ్నలకి గంట విడిగా లెక్కేసుకో. అడిగినదానికి జవాబు చెప్పు, అడగనిదానికి క్షమాపణ చెప్పకు.

సెక్యులర్ మిత్రులారా, మీకూ ఒక పని ఉంది. ఈసారి మాతో కలిసి ఎక్కడైనా ఆగితే, సామాను దగ్గర మమ్మల్ని కూచోబెట్టి వెళ్ళకండి. క్యూలో మా ముందు కాదు, మా వెనక నిలబడండి. మాకెంతసేపు పడుతుందో అక్కణ్ణుంచి చూడండి.