కోటిలింగాల నుంచి జల ఉష దాకా

సముద్రం ఎరుగని కరీంనగరం వాళ్లకు ఓడల గొడవ ఎందుకంటారా? మన గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు దొరికాయి. ఆ వంశపు రాజులే తరువాత రెండు తెరచాపకొయ్యల ఓడను నాణెం మీద అచ్చు వేయించారు.

అంతటి దేశం ఆంగ్లేయుల కాలంలో పెద్ద ఆవిరి ఓడలను పరదేశాల నుంచి కొనితెచ్చుకొనేది. ఆ లోటు తీర్చాలని వాల్‌చంద్ హీరాచంద్‌గారి సింధియా కంపెనీ నడుం కట్టింది. 1941 జూన్ 21న విశాఖపట్నంలో నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1942 ఏప్రిల్‌లో జపాను బాంబులు పడి పని ఆగింది. కంపెనీ మాత్రం పట్టు విడువలేదు. 1948 మార్చి 14న 8,000 టన్నుల ‘జల ఉష’ను నెహ్రూగారు నీట దించారు. 1961లో ఆ శాల పూర్తిగా ప్రభుత్వపరమైంది.

ఓడ నీట జారటానికి నిమిషాలు చాలు. అక్కడిదాకా రావటానికి దాదాపు ఏడేళ్లు పట్టింది. విశాఖ వెళ్లినప్పుడు పిల్లలకు సముద్రంతోపాటు ఈ కథా చెప్పండి.