వాకిట్లో మూగజీవి

నడిగూడెం వంటి ఊళ్లలో చాయ్ దుకాణం ముందో, కిరాణా కొట్టు ముందో ఓ కుక్క పడుకుని ఉండడం మామూలే. దుకాణదారు రెండు బిస్కెట్లు వేస్తాడు. వచ్చేపోయేవారు పేరు పెట్టి పిలుస్తారు. రాత్రిపూట కొట్టుకు అదే కాపలా. కానీ నమాజుకు వెళుతూ దానిమీద రాయి విసిరే పిల్లల్నీ చూస్తుంటాం. ‘నాపాక్ జంతువే కదా’ అని పెద్దలు ఊరుకుంటారు. ఇది సరికాదు.

కుక్క ఎంగిలి అపరిశుద్ధమే, తగిలితే కడుక్కోవాలి. ఆ ఆదేశం మన పరిశుభ్రత కోసమే గాని, దాన్ని హింసించడానికి కాదు. బావిలో దిగి, తోలు మేజోడుతో నీళ్లు తెచ్చి, దప్పిగొన్న కుక్కకు తాగించిన మనిషిని అల్లాహ్ మన్నించాడని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఈ సంఘటన ఉంది. ప్రాణమున్న ప్రతి జీవి పట్ల చూపే దయకు ప్రతిఫలం ఉందనీ వారు బోధించారు. జుమా నాడు మనం పఠించే కహఫ్ సూరాలో గుహవాసుల కుక్క ప్రస్తావన ఉంది. అదీ వాకిట్లోనే ముందుకాళ్లు చాచి పడుకుంది.

కనుక దుకాణం కుక్కకు గిన్నెడు నీళ్లు పెడదాం. తలా కొంత వేసుకుని రేబిస్ టీకా వేయిద్దాం. అది మన పిల్లలకూ క్షేమం. పిల్లల చేతిలోని రాయిని కింద పడేయించడం పెద్దల బాధ్యత. మూగజీవాలపై దయ చూపేవారిని అల్లాహ్ కరుణించుగాక!