కఫము, కషాయము, వివేకము

పుష్యమాసపు చలి మన హోసూరు ప్రాంతమున అడుగిడగనే ఇంటింట దగ్గు వినవచ్చును. రొమ్మున కఫము పట్టినదని తల్లులు తల్లడిల్లుదురు. అవ్వలు శొంఠి, మిరియాలు, తులసి కాచి కషాయము పెట్టుదురు. ఈ యాచారమును హేళన చేయువారితో మేము ఏకీభవింపము. వేడి ద్రవము గొంతునకు హాయి గూర్చును. తగినంత నీరు త్రాగినచో కఫము పలుచబడి సులభముగా వెడలును. పెద్దలు తలక్రింద ఎత్తు పెట్టుకొని పరుండుట, ఉప్పునీటితో పుక్కిలించుట, పొయ్యిపొగకును బీడీపొగకును దూరముగా నుండుట ఖర్చులేని ఉపాయములు. ఏడాది దాటిన బిడ్డకు నిద్రకు ముందు అరచెంచా తేనె మేలు చేయును. ఏడాది నిండని శిశువునకు మాత్రము తేనె నాకింపరాదు. అందుండు సూక్ష్మజీవుల వలన ప్రాణాపాయము కలుగవచ్చును.

అయినను, పెద్దలపై గౌరవముతోనే కొన్ని మాటలు చెప్పక తప్పదు. మరుగునీటి గిన్నెపై దుప్పటి కప్పి చిన్నబిడ్డలకు ఆవిరి పట్టుట మానవలెను. గిన్నె ఒరిగినచో దగ్గు పోకముందే ఒడలు కాలును. శిశువుల ముక్కునకు, రొమ్మునకు కర్పూరము రాయరాదు. అది కడుపులోనికి పోయినచో మూర్ఛలు రావచ్చును.

అంగడిలో నోటిమాటపై తెచ్చు దగ్గుమందు మరింత అపాయము. 2025లో మధ్యప్రదేశమున విషద్రవ్యము కలిసిన దగ్గుమందు త్రాగి పలువురు పసిబిడ్డలు మరణించిరి. ఆ మందు తయారైనది మన తమిళనాటనే. రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఈయరాదనియు, ఐదేండ్లలోపు వారికి సాధారణముగా తగవనియు కేంద్ర ఆరోగ్యశాఖ ఆ యేడే హెచ్చరించినది.

ఏడాది మొదలు ఐదేండ్లలోపు బిడ్డ నిమిషమునకు 40 సార్లు గాని, అంతకు మించి గాని ఊపిరి తీసినను, డొక్కలు ఎగురవేసినను, ఎవరికైనను పెదవులు నీలివర్ణము దాల్చినను, కఫమున నెత్తురు కనబడినను, కషాయముతో కాలయాపన చేయరాదు. వెంటనే ఆస్పత్రికి పోవలెను. రెండు వారములు దాటిన దగ్గునకు కఫపరీక్ష చేయింపవలెను. క్షయకు ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్షయు చికిత్సయు ఉచితము.

వైద్యుని యెదుట తమిళము రాక మన తల్లులు మౌనముగా నిలుచుట మేమెరుగుదుము. విద్యార్థులారా! ఇంటిలో తెలుగు, ఆస్పత్రిలో తమిళము, మందుసీసాపై ఆంగ్లము. మూడును నేర్చినవారు మీరే. సీసాపై నున్నది చదివి అవ్వకు తెలుపుడు. అమ్మ వెంట నిలిచి ఆమె మాటను వైద్యునికి అందింపుడు. ఇంటివారి ఊపిరికి అక్కరకు రాని చదువు ఎంత చదివిననేమి?