ఓపీ ఫీజు కట్టే ముందు ఒక్కమాట



వానాకాలం మొదలైతే చాలు, మన గ్రూపులో ఒకటే మెసేజ్. "అమ్మకి జ్వరం. పాడేరులో ఏ ప్రైవేటు డాక్టరు మంచోడు? ఫీజు ఎంత?" ఇలాంటివాటికి డాక్టర్ల పేర్లు, నంబర్లు పెట్టినవాళ్ళలో మేమూ ఉన్నాం. అందుకే ఈ పోస్టు ఎవర్నో తప్పుపట్టడానికి కాదు, ముందు మా తప్పు చెప్పుకోవడానికి.

పోయిన ఏడాది ఆగస్టులో మాలో ఒకడి అమ్మకి చలిజ్వరం వచ్చింది. హాస్టల్ నుంచి నలుగురం వెళ్ళాం. చదువుకున్నోళ్ళం కదా, ఊళ్ళో ఆశా అక్కని అడగడం చిన్నతనం అనిపించింది. జీపు మాట్లాడుకుని టౌనుకి తీసుకెళ్ళాం. ఓపీ 300, రక్తపరీక్షలు 1,100, సెలైన్లు, మందులు, జీపు అన్నీ కలిపి 4,800 రూపాయలయ్యాయి. మా నలుగురి దగ్గర ఉన్నది 900. మిగతాది వాళ్ళ నాన్న కాఫీ పంట మీద షావుకారు దగ్గర అడ్వాన్సు తెచ్చాడు. కాయ ఇంకా పచ్చిగా చెట్టు మీదే ఉంది, రేటు మాత్రం అప్పుడే షావుకారు చేతిలోకి పోయింది.

జ్వరం తగ్గింది. నెలన్నర తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి డబ్బుల్లేక ఆశా అక్క దగ్గరికే వెళ్ళారు. ఆమె వేలి మీద గుచ్చి, కిట్టు మీద చుక్క వేసి, కాసేపట్లో మలేరియా అని చెప్పింది. పిహెచ్‌సిలో వైవాక్స్ అన్నారు. ఇది రక్తంలోనే కాదు, కాలేయంలో కూడా దాక్కుంటుందట. రక్తంలోది పోవడానికి క్లోరోక్విన్ 3 రోజులు, దాక్కున్నది పోవడానికి ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. గర్భిణులకు, ఏడాది నిండని పిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరు కాబట్టి డాక్టరు చెప్పాకే వెయ్యాలి. మేము 4,800 కట్టిన చోట ఈ 14 రోజుల మాట ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. రెండోసారి ఖర్చు సున్నా.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పిహెచ్‌సిలో 14 రోజుల మందు ఇస్తే మనవాళ్ళు మూడో రోజుకి ఒళ్ళు తేలికపడగానే ఆపేస్తారు. జ్వరం తిరగబెడుతుంది. "గవర్నమెంటు బిళ్ళలు పనిచెయ్యవు" అని ప్రైవేటుకి పోతాం. పనిచెయ్యనిది బిళ్ళ కాదు, మనం సగంలో వదిలేశాం.

మరి డబ్బులు అస్సలు కట్టొద్దా? అలా అనడం లేదు. మా ఇంకో మిత్రుడి తమ్ముడికి చెవిలోంచి చీము. పిహెచ్‌సిలో మూడుసార్లు మందు ఇచ్చినా తగ్గలేదు, దగ్గర్లో చెవి డాక్టరు లేడు. విశాఖలో ప్రైవేటు డాక్టరుకి 500 కట్టి చూపించాం. కర్ణభేరికి చిల్లు ఉందని, ఆపరేషన్ కావాలని కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాం, ఆపరేషన్ ఉచితంగా అయ్యింది. ఆ 500 దండగ అని మేము అనుకోవడం లేదు. అక్కడ మేము కొన్నది ఒక ప్రశ్నకి జవాబు. మొదటిసారి 4,800 పెట్టింది మాత్రం భయంతో.

ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కదా అని కొందరు అంటారు. అది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సలకి. మామూలు ఓపీ ఫీజు, మందుల షాపు బిల్లు మన జేబులోంచే పోతాయి. మేకని అమ్మించేది ఈ చిన్న బిల్లులే.

"పిహెచ్‌సికి వెళ్తే డాక్టరు ఉండడు కదా" అంటారు. నిజమే, మేమూ తాళం చూసి వెనక్కి వచ్చినవాళ్ళమే. మైదానంలో 30 వేల మందికి ఒక పిహెచ్‌సి అయితే కొండ, గిరిజన ప్రాంతంలో 20 వేలకే ఒకటి ఉండాలని నిబంధన. అది మనకిచ్చిన దయ కాదు, దూరాలు చూసి పెట్టిన లెక్క. 2023లో ఫ్యామిలీ డాక్టర్ పేరుతో డాక్టరే 104 బండితో ఊళ్ళోకి రావాలని మొదలుపెట్టారు. ప్రభుత్వం మారితే పేరు మారొచ్చు. కానీ 104 మన ఊరికి ఏ తేదీన వస్తుందో మనలో ఎంతమందికి తెలుసు? మనం తిన్నగా టౌనుకి పోతే ఓపీ రిజిస్టరులో మన పేరు ఉండదు. పేరు లేకపోతే జబ్బూ లేనట్టే. అప్పుడు డాక్టరు పోస్టు నింపమని ఏ కాగితం చూపించి అడుగుతాం?

అందుకే మేము నలుగురం ఇలా అనుకున్నాం. జ్వరానికి ముందు ఊళ్ళోనే ఉచిత పరీక్ష, ఆ తర్వాతే ఏ డాక్టరైనా. మాటిమాటికీ కీళ్ళనొప్పులు, రక్తం తక్కువ ఉన్నవాళ్ళకి నొప్పి ఇంజెక్షన్లకి డబ్బు పోసే ముందు సికిల్‌సెల్ పరీక్ష. 2023 జూలైలో మొదలైన జాతీయ మిషన్ కింద అది ఉచితం. డబ్బు కట్టి వెళ్ళాల్సి వస్తే పాత చీటీలన్నీ పట్టుకెళ్ళాలి. "ఏం జబ్బు, ఈ పరీక్ష ఎందుకు, మందు ఎన్ని రోజులు" అని అడిగి రాయించుకోవాలి. మనలో తెలుగు చదవగలిగినోళ్ళు ఒకరు తోడు వెళ్ళాలి. పిహెచ్‌సి మూసి ఉంటే తేదీ, టైము రాసిపెట్టి, నెలాఖరుకి అందరం కలిసి ఐటిడిఎ గ్రీవెన్సులో ఇవ్వాలి.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ఫిట్స్, స్పృహ తప్పడం, ఆయాసం, పసిబిడ్డ పాలు తాగకపోవడం, గర్భిణికి రక్తం పోవడం, ఇవి కనిపిస్తే ఈ లెక్కలేవీ వద్దు. వెంటనే 108, ఏ ఆసుపత్రి దగ్గరైతే అది.

వచ్చే వానాకాలం "ఏ డాక్టరు మంచోడు" అని ఎవరైనా అడిగితే మేము నంబరు పెట్టే ముందు ఒకటి అడుగుతాం: "ఆశా అక్క పరీక్ష చేసిందా?" మీరూ అడగండి. ఒక ఇంటి కాఫీ షావుకారు చేతికి పోకుండా ఆగినా చాలు.

జై ఆదివాసీ.